ఫోన్ మోత తగ్గిద్దాం... పథకం మెసేజ్ తప్పిపోకుండా చూసుకుందాం

ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల కోసం సులభ వివరణ

ఈ వివరణ ఎవరి కోసం?

పింఛను, తల్లికి వందనం, దీపం-2, ఆటో డ్రైవర్ల సేవలో, వీధి వ్యాపారుల రుణం... వీటిలో ఏదో ఒకటి అందుకుంటూ, చేతిలో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరి కోసం. ముఖ్యంగా పూర్ణా మార్కెట్‌లో దుకాణాలు, తోపుడు బండ్లు పెట్టుకున్నవాళ్లు, మూటలు మోసే కళాసీలు, ఇళ్ల దగ్గర ఉండే పెద్దవాళ్ల కోసం. ఫోన్ గురించి పెద్దగా తెలియకపోయినా ఫర్వాలేదు. పచ్చబొత్తాం నొక్కి మాట్లాడటం, వాట్సాప్ తెరవడం వస్తే చాలు. ఒక్కో పనికి రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు. రూపాయి ఖర్చు లేదు.

మోత వల్ల మనకు వచ్చే నష్టం ఏంటి?

పొద్దున్నే సరుకు దిగే వేళ మార్కెట్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆటోల హారన్లు, పాట కేకలు, బేరాలు. ఆ గోలలో జేబులో ఫోన్ కూడా టింగ్ టింగ్ అంటూనే ఉంటుంది. గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మలు, లోన్ ఇస్తామని మెసేజ్‌లు, ఆన్‌లైన్ షాపుల ఆఫర్లు, గేముల పిలుపులు. రోజుకి వంద సార్లు మోగే ఫోన్‌ని ఎవరైనా ఏం చేస్తారు? చూడటం మానేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటి నష్టం: అవసరమైన మెసేజ్ అడుగున పడిపోతుంది. దీపం-2 కింద ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం. సిలిండర్ ఇంటికి వచ్చాక 48 గంటల్లో డబ్బు మన ఖాతాలో పడాలి. పడితే బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ చూడకపోతే పడిందో లేదో తెలియదు. పడలేదని తెలియకపోతే అడగడానికి వెళ్లం. అలాగే ఈకేవైసీ గడువు మెసేజ్ చూడకపోతే వచ్చే డబ్బు ఆగిపోవచ్చు.

రెండో నష్టం: 'డబ్బు రాలేదు' అనుకుంటాం, కానీ వచ్చి ఉంటుంది. చాలా పథకాల డబ్బు ఆధార్‌తో లింక్ అయిన ఖాతాలోనే పడుతుంది. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలు ఉన్నవాళ్లు ఒక పాస్‌బుక్ చూసుకుని రాలేదని తిరిగిపోతుంటారు. ఇంకో బ్యాంకు పంపిన మెసేజ్ మాత్రం ఫోన్‌లోనే, నలభై ఆఫర్ మెసేజ్‌ల కింద పడి ఉంటుంది.

మూడో నష్టం అన్నిటికంటే పెద్దది. మోసగాడికి కావాల్సింది ఈ గోలే. వంద మెసేజ్‌ల మధ్యలో 'మీ పథకం డబ్బు ఆగిపోయింది, వెంటనే ఇది నొక్కండి' అని ఒకటి పడేస్తాడు. గిరాకీలో ఉన్న మనిషి ఆలోచించకుండా నొక్కేస్తారు. ప్రశాంతంగా ఉన్న ఫోన్‌లో అదే మెసేజ్ వస్తే, 'ఇదేదో తేడాగా ఉందే' అని వెంటనే కనబడిపోతుంది.

నిశ్శబ్దం అంటే ఫోన్ కట్టేయడం కాదు

'మోత తగ్గించండి' అంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టేయమని కాదు. అలా పెడితే పిల్లల స్కూల్ నుంచి ఫోన్ వచ్చినా తెలియదు. మోగాల్సినవి మోగాలి, అక్కర్లేనివి ఊరుకోవాలి. అంతే.

దీనికి మంచి ఉదాహరణ మీ దుకాణంలోనే ఉంది. క్యూఆర్ కోడ్ పక్కన పెట్టుకున్న సౌండ్ బాక్స్. ఎవరైనా స్కాన్ చేసి డబ్బు వేస్తే ఎంత వచ్చిందో తెలుగులో చెబుతుంది. మిగతా టైంలో మాట్లాడదు. మీరు తూకం వేస్తూనే వింటారు, ఫోన్ తీసి చూడాల్సిన పని లేదు. ఫోన్ కూడా ఆ సౌండ్ బాక్స్‌లా అవసరానికే పలికితే ఎంత బాగుంటుంది?

ఈ ఆలోచన చాలా కాలం కిందటే పుట్టింది. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ పనిచేసిన మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ అనే ఇద్దరు 1995లో ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్లు అన్నిచోట్లకీ వచ్చేస్తాయి, అప్పుడు అవి మనిషిని కంగారు పెట్టకుండా ప్రశాంతంగా ఉండేలా తయారుచెయ్యాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. వాళ్ల ఆఫీసులో నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తాడుని ఒక చిన్న మోటారుకి కట్టి, పైకప్పు నుంచి వేలాడదీశారు. ఆ మోటారు కంప్యూటర్ల వైరుకి కలిపి ఉంటుంది. కంప్యూటర్ల మధ్య రాకపోకలు ఎక్కువైతే తాడు గిరగిరా తిరుగుతుంది, తక్కువగా ఉంటే కొద్దిగా కదులుతుంది. తెర చూడక్కర్లేదు, గంట మోగక్కర్లేదు. అటుగా నడిచేవాళ్లకి ఓరకంట చూస్తే చాలు, విషయం తెలిసిపోయేది.

ఇప్పుడు మన ఫోన్‌ని అలా ఎలా మార్చుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా: ఏవి మోగాలో తేల్చుకోండి

ఒక చీటీ మీద రాసుకోండి. చాలామందికి ఈ ఐదే ఉంటాయి.

1. ఇంట్లోవాళ్లు, పిల్లల స్కూలు లేదా కాలేజీ.
2. బ్యాంకు మెసేజ్‌లు, డబ్బు పంపే యాప్.
3. మీ వార్డు సచివాలయం సిబ్బంది.
4. సరుకు ఇచ్చేవాళ్లు, రోజూ కొనే ఖాతాదారులు.
5. తుఫాను, వరద హెచ్చరికలు.

వీటిలో మనుషుల నంబర్లన్నీ పేర్లతో సేవ్ చేసుకోండి. వార్డు సచివాలయంలో మీ పథకం చూసే వెల్ఫేర్ సెక్రటరీ నంబరు చాలామంది దగ్గర ఉండదు. ఈసారి వెళ్లినప్పుడు అడిగి తీసుకోండి. తెలియని నంబరు అని కట్ చేసిన ఫోన్ ఒక్కోసారి వాళ్లదే అయి ఉంటుంది.

పని 1: ఆఫర్ మెసేజ్‌లు, ఫోన్లు ఆపడం

ఇది మామూలు బటన్ ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. 1909కి ఫోన్ చేసి, ప్రకటనల ఫోన్లు, మెసేజ్‌లు వద్దని చెప్పండి. లేదా మెసేజ్ పెట్టండి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో 'స్టార్ట్' అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా (0) కొట్టి 1909కి పంపాలి. 'డీఎన్‌డీ' అంటే ఇదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ఏర్పాటు.

దీనివల్ల బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు, ప్రభుత్వ మెసేజ్‌లు ఆగవు. ప్రకటనలే ఆగుతాయి. ఆ తర్వాత కూడా ఎవరైనా విసిగిస్తే అదే 1909కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఇంకో గుర్తు కూడా ఉంది. 140తో మొదలయ్యే నంబర్లు ప్రకటనల ఫోన్ల కోసం ఇచ్చినవి. 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, బీమా, ప్రభుత్వ సేవల కోసం కేటాయించినవి. పది అంకెల మామూలు నంబరు నుంచి 'బ్యాంకు మేనేజర్‌ని మాట్లాడుతున్నా' అన్నారంటే నమ్మకండి. పెట్టేసి, నేరుగా మీ బ్రాంచికి వెళ్లి కనుక్కోండి.

పని 2: వాట్సాప్ గ్రూపుల నోరు మూయించడం

గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే 'ఏంటమ్మా, వెళ్లిపోయావ్?' అని చుట్టాలు అడుగుతారు. బయటికి రానక్కర్లేదు. గ్రూపు తెరిచి, పైన ఉన్న గ్రూపు పేరు మీద నొక్కండి. 'మ్యూట్' అని ఉంటుంది. అందులో 'ఎప్పటికీ' అన్నది ఎంచుకోండి. మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. మీరు మ్యూట్ చేసినట్టు గ్రూపులో ఎవరికీ తెలియదు.

తర్వాత ఇంకో మూడు పనులు చెయ్యండి.

ముఖ్యమైన మనిషి చాట్‌ని వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే పైన పిన్ను బొమ్మ వస్తుంది. అది నొక్కితే ఆ చాట్ ఎప్పుడూ పైనే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి వెళ్లి, మొబైల్ డేటా ఉన్నప్పుడు ఫొటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా టిక్కులన్నీ తీసేయండి. రోజు డేటా మిగులుతుంది. ఫోన్ నిండిపోయి మొరాయించడం తగ్గుతుంది.

సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ', అందులో 'గ్రూప్స్' తెరిచి, 'మై కాంటాక్ట్స్' పెట్టండి. ఇక ముక్కూ మొహం తెలియనివాళ్లు మిమ్మల్ని వాళ్ల గ్రూపుల్లో నేరుగా చేర్చలేరు.

పని 3: యాప్‌ల టింగ్ టింగ్ ఆపడం

ఈసారి ఏదైనా గేమ్ గానీ, షాపింగ్ యాప్ గానీ నోటిఫికేషన్ పంపితే, దాన్ని తుడిచెయ్యకుండా వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి. 'సైలెంట్' అనో 'నోటిఫికేషన్లు ఆపు' అనో వస్తుంది. నచ్చింది నొక్కండి. వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున ఇలా చేస్తూ పోతే వారంలో ఫోన్ సగం కుదుటపడుతుంది.

ఇంటర్నెట్‌లో ఏదైనా చూస్తున్నప్పుడు 'ఈ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపొచ్చా?' అని అడిగితే 'బ్లాక్' నొక్కండి. తెలియక 'అలో' నొక్కడం వల్లే చాలా ఫోన్లలో పిచ్చి ప్రకటనలు వస్తుంటాయి.

వీటిని మాత్రం ఆపకండి: మెసేజెస్ యాప్, ఫోన్ యాప్, బ్యాంకు యాప్, డబ్బు పంపే యాప్. వాట్సాప్‌ని మొత్తంగా ఆపొద్దు, గ్రూపులు ఆపితే చాలు.

ఫోన్ కంపెనీని బట్టి ఈ మాటలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. కనబడకపోతే కంగారు పడొద్దు. పక్కన చదువుకునే పిల్లలెవరైనా ఉంటే ఈ పేజీ చూపించి అడగండి.

పని 4: రాత్రి పూట నిద్ర

తెల్లవారుజామునే లేచి సరుకుకి వెళ్లేవాళ్లకి రాత్రి నిద్ర ముఖ్యం. సెట్టింగ్స్‌లో 'డు నాట్ డిస్టర్బ్' అని ఉంటుంది. ఫోన్ తెలుగులో పెట్టుకుంటే 'అంతరాయం కలిగించవద్దు' అని కనబడుతుంది. దానికి టైం పెట్టుకోవచ్చు. ఉదాహరణకి రాత్రి 9 నుంచి తెల్లవారి 4 వరకు. ఇంట్లోవాళ్ల ఫోన్లు మోగేలా వాళ్ల పేర్లు అందులో చేర్చండి. అలారం మోగుతుందో లేదో కూడా అక్కడే ఒకసారి చూసుకోండి. 'రిపీట్ కాలర్స్' అన్నది ఆన్‌లో ఉంచితే, 15 నిమిషాల లోపు రెండోసారి చేసినవాళ్ల ఫోన్ మోగుతుంది. నిజంగా అవసరం ఉన్నవాళ్లు రెండోసారి చేస్తారు కదా.

మెసేజ్ చివరి అక్షరం చూడండి

ఇప్పుడు మోత తగ్గింది. మిగిలిన మెసేజ్‌లలో ఏది ఎవరిదో గుర్తుపట్టాలి. కంపెనీలు, బ్యాంకులు, ప్రభుత్వం పంపే ఎస్ఎమ్మెస్‌ల పైన పంపినవారి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. ఆ పేరు చివర చిన్న గీత, గీత తర్వాత ఒక్క అక్షరం ఉంటుంది.

జి ఉంటే ప్రభుత్వ మెసేజ్.
టి ఉంటే డబ్బు లావాదేవీ, ఓటీపీ లాంటివి.
ఎస్ ఉంటే మీరు వాడే సేవకి సంబంధించింది.
పి ఉంటే ప్రకటన.

పథకం గురించి చెబుతూ పది అంకెల మామూలు నంబరు నుంచి ఎస్ఎమ్మెస్ వస్తే అనుమానించండి. అక్షరం సరిగ్గానే ఉన్నా పిన్, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

తొందరపెడితే ఆగండి

ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంటుంది అనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి: తొందరపెట్టేది ఏదైనా సరే, ముందు ఆగండి.

'ఈ రోజే ఆఖరు', 'ఇప్పుడే నొక్కకపోతే పేరు తీసేస్తాం', 'డబ్బు రావాలంటే పిన్ కొట్టండి'... ఇలాంటి మాటలు కనబడితే ఫోన్ పక్కన పెట్టి, చేతిలో పని పూర్తి చేసుకోండి. గంట ఆగి సచివాలయంలో అడిగితే మీ పథకం ఎక్కడికీ పోదు. మోసగాడికి మాత్రం ఆ గంట ఆగడం కుదరదు.

వాట్సాప్‌లో పథకం పేరుతో, చలానా పేరుతో వచ్చే 'ఏపీకే' ఫైలు అస్సలు తెరవొద్దు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీకు వచ్చే ఓటీపీలు మోసగాళ్లు చదివేస్తారు. పీఎం కిసాన్ పేరుతో కూడా ఇలాంటివి తిరిగాయి. పంపింది మీకు తెలిసిన మనిషే అయినా తెరవకండి. వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో పడి ఉండొచ్చు.

ఇంకోటి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు వెళ్తుంది, రాదు.

మీరు అడిగితేనే పలికే సేవ

పథకం సంగతి తెలియాలంటే మెసేజ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. మొదట్లో 161 సేవలు ఇచ్చారు, తర్వాత ఇంకా చేర్చారు. 9552300009 నంబరుని 'మన మిత్ర' అని సేవ్ చేసుకోండి. వాట్సాప్‌లో 'హాయ్' అని పంపితే సేవల పట్టీ వస్తుంది. తెలుగు ఎంచుకుని కావాల్సింది నొక్కుతూ వెళ్లండి. వారానికి ఒక రోజు, గిరాకీ తక్కువ ఉన్న వేళ, పది నిమిషాలు పెట్టుకుని మీ పనులు చూసుకోండి. రోజంతా ఫోన్ వైపు చూడటం కంటే ఇది మేలు.

ఆపకూడని శబ్దం ఒకటుంది

విశాఖవాసులకి 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు తుఫాను లాంటి ప్రమాదం వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో ఉన్న ఫోన్లకి ఒకేసారి పెద్ద శబ్దంతో హెచ్చరిక పంపే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో 'ఎమర్జెన్సీ అలర్ట్స్' అని కనబడేది అదే. అది చికాకుగా అనిపించినా ఆపొద్దు. మిగతా మోత తగ్గించుకునేది ఆ ఒక్క మోత వినబడటానికే. హార్బర్ దగ్గర ఉండేవాళ్లు, కొండ వాలులో ఇళ్లున్నవాళ్లు తప్పకుండా ఒకసారి చూసుకోండి.

మీ సందేహాలు - జవాబులు

నాది బటన్ ఫోన్. నాకు ఇవన్నీ ఎలా?
1909 పని మీ ఫోన్‌లోనూ అవుతుంది. రెండోది, పాత మెసేజ్‌లు నెలకోసారి తుడిచెయ్యండి. చాలా బటన్ ఫోన్లలో ఇన్‌బాక్స్ నిండిపోతే కొత్త మెసేజ్ రాదు. బ్యాంకు మెసేజ్‌లు మాత్రం ఉంచుకోండి.

మెసేజ్ రాలేదు. డబ్బు పడిందో లేదో ఎలా తెలుస్తుంది?
ముందు మెసేజెస్ యాప్‌లో 'స్పామ్' అని ఉన్న చోట చూడండి. ఒక్కోసారి మంచి మెసేజ్ కూడా అందులోకి వెళ్తుంది. అక్కడా లేకపోతే ఆధార్ ఏ ఖాతాకి లింక్ అయిందో బ్యాంకులో గానీ సచివాలయంలో గానీ అడిగి, ఆ పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. మెసేజ్ రాకపోయినా డబ్బు పడి ఉండొచ్చు. బ్యాంకులో మీ పాత ఫోన్ నంబరు ఉందేమో కూడా అప్పుడే చూసుకోండి.

అమ్మకి ఫోన్ వాడటం రాదు. మేమే అన్నీ ఆపేస్తే ఫర్వాలేదా?
ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి చెయ్యండి. ఏది మోగాలో ఆమె చెప్పాలి. మనకి విసుగనిపించే భజన గ్రూపు ఆమెకి రోజంతటికీ తోడు కావచ్చు. పిన్ నంబర్లు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

పొరపాటున లింక్ నొక్కేశాను, డబ్బు పోయింది. ఏం చెయ్యాలి?
సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకి చెప్పండి.

గోడ మీద అంటించుకోవాల్సిన నంబర్లు

1909 - ప్రకటనల ఫోన్లు, మెసేజ్‌లు ఆపడానికి
1930 - ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే
9552300009 - మన మిత్ర వాట్సాప్ సేవలు
112 - పోలీసు, అత్యవసర సాయం
మీ వార్డు వెల్ఫేర్ సెక్రటరీ నంబరు - ఇక్కడ మీరే రాసుకోండి: ....................

ఈ రోజే అన్నీ చెయ్యక్కర్లేదు. ఇవాళ 1909, రేపు గ్రూపుల మ్యూట్, ఎల్లుండి మిగతావి. ఈ పీడీఎఫ్ పక్క దుకాణంవాళ్లకి కూడా పంపండి. గ్రూపులో పడేసి ఊరుకుంటే ఇదీ ఆ వంద మెసేజ్‌లలో కలిసిపోతుంది. వీలైతే ఒక్కరి పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్‌లో మొదటి పని మీరే చేసి చూపించండి.